ఆపద ఎవరిది? పరిహారం ఎవరికి?

2003 ఫిబ్రవరి 1వ తేదీ ఉదయం అమెరికాలోని టెక్సాస్ ఆకాశంలో కొలంబియా వ్యోమనౌక ముక్కలైపోయింది. ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు. వారిలో హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా ఒకరు. ఆ వారం మా కాలేజీలో సంతాపసభ జరిగింది. ఆమె ఫోటోకు దండవేసి రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డవాళ్ళలో నేనూ వున్నాను. ఆ నౌక శకలాలు తూర్పు టెక్సాస్ నుంచి లూసియానా దాకా అడవులమీద, పొలాలమీద, పచ్చిక బయళ్ళమీద రాలాయి. ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని ఆపద ప్రాంతంగా ప్రకటించింది.

ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. తెలియని కథ ఆ తరువాతిది. ఈ ప్రకటనను ఆధారం చేసుకొని అక్కడి వందలాది పశుపోషకులకు అమెరికా ప్రభుత్వం సుమారు 50 లక్షల డాలర్ల పరిహారం పంచిపెట్టింది. శకలాలు తగిలి ఎన్ని ఆవులు చచ్చాయి? ఎంత పచ్చిక తగలబడింది? ఏ పశువు మేతలేక ఎన్ని రోజులు పస్తున్నది? ఈ ప్రశ్నలు అడిగినవారు లేరు. అడగనక్కరలేదని పథకం నిబంధనలే చెప్పాయి. ఆ కౌంటీలో పశువులు వుంటే చాలు, తలకింత అని లెక్కగట్టి చెక్కు పంపించారు.

ఇరవై యేళ్ళు దాటిన ఈ సంగతిని ఇప్పుడు తవ్వి తీయడానికి కారణం వుంది. నా దగ్గర చదువుకొని, ఇప్పుడు డల్లాస్ దగ్గర వుద్యోగం చేస్తున్న కుర్రవాడొకడు మొన్న సెలవుల్లో మా యింటికి వచ్చాడు. మాది అనంతపురం జిల్లా. మాటల్లో అక్కడి రాంచిల సంగతి వచ్చింది. రాంచి అంటే వందల, వేల ఎకరాల పచ్చిక బయలు, అందులో తిరిగే పశువుల మంద. కరువు వచ్చిందంటే అక్కడి యజమాని కౌంటీ కార్యాలయానికి వెళ్ళి ఒక కాగితం నింపి వస్తాడట. డబ్బు నేరుగా బ్యాంకులో పడుతుందట. దళారీ లేడు, లంచం లేదు, కాళ్ళరిగేలా తిరగడం లేదు. అదంతా చెప్పి వాడన్నాడు: "ప్రభుత్వమంటే అట్లుండాల సార్. రెండువేల రెండు కరువులో మా నాయన కాడెద్దులు సంతకు తోలుకపోయి సగం ధరకు అమ్ముకున్న్యాడు. అడిగినోడు లేడు."

ఆ మాటలో వున్న బాధ నిజమైనది. దానికి ఆరోజు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. అక్కడే కూర్చున్న మరొక మిత్రుడు, అర్థశాస్త్రం చెప్పే లెక్చరరు, వెంటనే అందుకున్నాడు. "అదే తప్పు. ప్రభుత్వం చెయ్యి పెట్టినచోటల్లా సొమ్ము పాడే. ఈ సహాయాలన్నీ రద్దుచేసి మార్కెట్టుకు వదిలేస్తే ఎవడి బలం ఎంతో తేలిపోతుంది" అన్నాడు.

ఒకరు అమెరికా ఔదార్యానికి మురిసిపోతున్నారు. మరొకరు సహాయమనే మాటనే సహించలేకపోతున్నారు. ఇద్దరూ ఒకరి కొకరు ఎదురుగా నిలబడినట్లు కనిపిస్తారు. కాని ఇద్దరూ ఒక ప్రశ్న తప్పించుకుంటున్నారు. ఆపద ఎవరికి వచ్చింది, పరిహారం ఎవరికి అందింది అనేదే ఆ ప్రశ్న. దాన్ని వదిలేస్తే ఔదార్యమూ అర్థం కాదు, దుబారా కూడా అర్థం కాదు.

ముందు ఆ పథకం కథ చూద్దాం. 2002లో అమెరికా పశ్చిమ ప్రాంతాలలో, మైదాన రాష్ట్రాలలో కరువు వచ్చిన మాట నిజం. దక్షిణ డకోటా వంటి చోట్ల పచ్చిక ఎండిపోయి, మేత కొనలేక మందలు అమ్ముకున్నవారున్నారు. దాన్ని నేను కాదనను. ఆ సంవత్సరం సెప్టెంబరులో అక్కడి వ్యవసాయ శాఖ పశుపోషకులకు పరిహార పథకం ప్రకటించింది. నవంబరు మొదటివారంలో కాంగ్రెసు ఎన్నికలు. మధ్యలో వున్నవి ఆరేడు వారాలు. దక్షిణ డకోటాలో సెనేటు స్థానానికి హోరాహోరీ పోటీ జరుగుతున్నది. కరువు దేవుడిచ్చినదే కావచ్చు, ముహూర్తం మాత్రం మనుషులు పెట్టినదే.

ధరలు ఇలా నిర్ణయించారు: పాడి ఆవుకు 31 డాలర్ల 50 సెంట్లు, మాంసానికి పెంచే పెద్ద పశువుకు 18 డాలర్లు, గొర్రెకు 4 డాలర్ల 50 సెంట్లు. ఒక్కరికి మొత్తం 40,000 డాలర్లు మించకూడదని హద్దు పెట్టారు. కౌంటీ ఆపద ప్రాంతంగా ప్రకటించబడి వుండాలి. కౌంటీ అంటే మన జిల్లా వంటి పరిపాలనా విభాగమే, కాని జనాభాలో చాలాచోట్ల మన తాలూకా అంత కూడా వుండదు. అంతకుమించి షరతు లేదు. యజమాని నష్టపోయినట్లు రుజువు చూపనక్కరలేదు.

2003 ఫిబ్రవరిలో కాంగ్రెసు ఈ పథకాన్ని మరొక విడత పొడిగించింది. పొడిగించడంతో ఊరుకోలేదు. కరువే వుండాలన్న కట్టును కూడా సడలించింది. 2001 జనవరి నుంచి 2003 ఫిబ్రవరి దాకా ఏదో ఒక ఆపద ప్రకటన జరిగిన కౌంటీ అయితే చాలు. ఇంక చూడండి! వాషింగ్టన్ రాష్ట్రంలో 2001లో వచ్చిన భూకంపం పశుపోషకులకు ఏ నష్టమూ చేయలేదు. అయినా దాని పేరుతో వారికి 16 లక్షల డాలర్లు అందాయి. ఉత్తర టెక్సాస్‌లోని ఒక కౌంటీలో, ఈ పథకం పుట్టడానికి ఏడాదిన్నర ముందు వచ్చి పోయిన మంచుతుఫాను పేరుతో సుమారు 10 లక్షలు అందాయి. విస్కాన్సిన్‌లో శీతకాలపు మంచు పేరుతో మరికొన్ని లక్షలు. చలికాలంలో మంచు కురవడం అక్కడ ఆపద అయితే, వానాకాలంలో వాన కురవడం మన కోస్తాలో ఆపద కావాలి. చివరికి వ్యోమనౌక కూలడం కూడా ఆవులకు వచ్చిన కష్టమైంది. కల్పనా చావ్లా మరణం గడ్డివాముల ఖాతాలో జమ అయింది.

ఈ లెక్కలు ఏ కమ్యూనిస్టు పత్రికో కల్పించినవి కావు. అమెరికా రాజధానిలో వెలువడే వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ప్రభుత్వ రికార్డులు పరిశీలించి 2006 జూలైలో బయటపెట్టింది. రెండేళ్ళలో పథకానికి ఖర్చు 120 కోట్ల డాలర్లు. అందులో 63 కోట్ల 50 లక్షలు కరువే లేని, లేదా ఓ మోస్తరుగా మాత్రమే వున్న ప్రాంతాలకు పోయాయని తేల్చింది. అంటే సగానికి పైగా. పుండొకచోట, మందొకచోట!

ఈ సొమ్ము ఎక్కడనుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. మొదటి విడత డబ్బు 'సెక్షన్ 32' అనే నిధిలోనిది. 1935లో, మహామాంద్యం రోజుల్లో, కస్టమ్సు రాబడిలో 30 శాతం పక్కన పెట్టాలని చేసిన చట్టంనుంచి పుట్టిన నిధి అది. బడిపిల్లల భోజన పథకాలకు, మిగులు ఆహారం కొని పంచడానికి ముఖ్యంగా ఆ నిధినే వాడుతూ వచ్చారు. పిల్లల కంచంలోకి పోయే సంచిలోంచి తీసి మందల యజమానుల కిచ్చారు. ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు. పాలకవర్గం తన పనులు చట్టప్రకారమే చేసుకుంటుంది.

ఇప్పుడు ఈ పథకాన్ని సమర్థించేవారి వాదాలు చూద్దాం. వాటిలో మొదటిది బలమైనదే. కరువులో ఆలస్యం విషంతో సమానం. ఇంటింటికీ అధికారి వెళ్ళి ఎన్ని పశువులు చిక్కిపోయాయో కొలుస్తూ కూర్చుంటే కొలత ముగిసేసరికి పశువు చస్తుంది. కాబట్టి తలలెక్కన వెంటనే ఇవ్వడమే మేలు. రుజువులు అడగకపోవడం మనిషిని గౌరవించడం.

నిజమే, గౌరవించడమే. కాని ఆ గౌరవం ఎవరికి? 1996లో అదే దేశంలో సంక్షేమ చట్టం మార్చారు. పిల్లలు లేని, పనిచేయగల పేదవాడికి ఆహార కూపన్లు మూడేళ్ళలో మూడు నెలలే ఇస్తామన్నారు. అంతకుమించి కావాలంటే వారానికి 20 గంటలు పనిచేస్తున్నట్లు రుజువు చూపాలి. ఆకలికి రుజువు కావాలి, ఆవుకు అక్కరలేదు! రొట్టెముక్క అడిగినవాడు బద్ధకస్తుడు కావచ్చునని అనుమానం. వెయ్యి పశువులున్నవాడు మాత్రం అడగకముందే నిజాయితీపరుడు. ఒకే ప్రభుత్వం, ఒకే దశాబ్దం. ఈ తేడా పరిపాలనా సౌలభ్యం వల్ల వచ్చింది కాదు, వర్గదృష్టి వల్ల వచ్చింది.

పశువులున్న వారందరికైనా ఆ గౌరవం దక్కిందా అంటే అదీ లేదు. అక్కడ వ్యవసాయ సహాయాల అమలులో కౌంటీ కమిటీల పాత్ర పెద్దది. స్థానిక రైతులు ఎన్నుకునే కమిటీలవి. వినడానికి ఎంతో ప్రజాస్వామికంగా వుంటుంది. కాని 1997లో నల్లజాతి రైతులు వ్యవసాయ శాఖమీద దావా వేశారు. తెల్లవారికి ఇచ్చిన అప్పులు, ఆపద సహాయాలు తమకు నిరాకరించారని, ఆలస్యం చేశారని, ఫిర్యాదులు చేస్తే బుట్టదాఖలు చేశారని వారి ఆరోపణ. 1999లో ప్రభుత్వం రాజీకి వచ్చి వేలాదిమందికి సొమ్ము చెల్లించవలసి వచ్చింది. కమిటీలో ఎవరు కూర్చున్నారో చూడకుండా, స్థానిక ప్రజాస్వామ్యం అని చప్పట్లు కొట్టేవారికి ఈ దావా మంచి పాఠం.

రెండవ వాదం ఇది: రాంచి యజమాని పెట్టుబడిదారు కాదు, ఎండకూ చలికీ ఓర్చి గుర్రంమీద తిరిగే కష్టజీవి. హాలీవుడ్ చిత్రాలు మనకందరికీ నూరిపోసిన బొమ్మ యిది. ఎవరి సహాయమూ కోరని స్వతంత్రుడు, కంచె అవతల ప్రభుత్వాన్ని అడుగు పెట్టనివ్వని వీరుడు! ఆ వీరుడి మంద చాలాచోట్ల ప్రభుత్వ భూమిలోనే మేస్తుంది. 2003లో అందుకు అతడు చెల్లించిన పుల్లరి, ఆవూ దూడా కలిపి నెలకు ఒక డాలరు 35 సెంట్లు.

అక్కడా చిన్న యజమానులున్నారు, అప్పుల్లో మునిగినవారున్నారు. వారిపట్ల మనకు సానుభూతి వుండాలి. అయితే తలలెక్కన ఇచ్చే పరిహారం వారి కెంత మేలు చేస్తుంది? ఇరవై పశువులున్నవాడికి తలకు 18 డాలర్ల చొప్పున 360 డాలర్లు వస్తాయి. రెండువేలు వున్నవాడికి 36,000 వస్తాయి. చిన్నవాడికి వచ్చినది కొద్దిరోజుల మేతకు చాలదు. పెద్దవాడు తనకు వచ్చిన దానితో, కరువుకు తట్టుకోలేక చిన్నవాడు అమ్ముకునే పశువుల్ని కొనవచ్చు. చిన్నవాడి పేరు చెప్పి తెచ్చిన సహాయం చివరికి చిన్నవాణ్ణి మింగడానికి పనికివస్తుంది. కష్టజీవి బొమ్మ వేసిన సంచిలో సొమ్మంతా ఆస్తిని బట్టి పోతుంది.

ఇక నిజమైన కష్టజీవి సంగతి. ఆ గొర్రెల్ని కాసేదెవరు? అమెరికా పశ్చిమ రాష్ట్రాల కొండల్లో గొర్రెలు కాయడానికి తాత్కాలిక వీసాలమీద కాపరులను తెస్తారు. వారిలో ఎక్కువమంది పెరూ దేశంనుంచి వచ్చినవారు. నెలల తరబడి బండి గుడిసెలో ఒంటరిగా వుంటూ రాత్రింబగళ్ళు మందను కనిపెట్టుకొని వుంటారు. 2015లో నిబంధనలు మారేవరకు అనేక రాష్ట్రాలలో వారి జీతం నెలకు 750 డాలర్ల ప్రాంతంలో వుండేది. గంటలెక్కన కనీస వేతనం వారికి వర్తించదు. వెయ్యి గొర్రెల మందకు ఒక కాపరి అనుకుందాం. ఆ మందమీద యజమానికి వచ్చిన పరిహారం 4,500 డాలర్లు. అంటే కాపరి ఆరు నెలల జీతం. మేత ఎండిపోతే మందను మరింత దూరం తోలుకుపోయేది కాపరి. గొర్రె చస్తే మోసేది కాపరి. మంద అమ్ముడుపోతే పని పోయేదీ కాపరికే. పరిహారం పట్టికలో పాడి ఆవుకు, మాంసపు పశువుకు, గొర్రెకు వేరువేరు గడులున్నాయి. కాపరికి మాత్రం గడి లేదు. ఆ పట్టికను తయారుచేసినవారి దృష్టిలో గొర్రె తల లెక్కకు వచ్చింది గాని మనిషి తల రాలేదు.

మూడవ వాదం మన మార్కెట్టు మిత్రుడిది. ఇదంతా దుబారా కాబట్టి సహాయమే వద్దు. ఇతడికి 2013 అక్టోబరులో దక్షిణ డకోటాలో జరిగినదాన్ని సమాధానంగా చూపవచ్చు. అక్టోబరు 3, 4, 5 తేదీలలో అక్కడి పశ్చిమ ప్రాంతంమీద ఊహించని మంచుతుఫాను విరుచుకుపడింది. పశువులింకా వేసవి బీళ్ళలోనే వున్నాయి. చలికాలపు బొచ్చు ఇంకా పెరగలేదు. ముందు వాన తడిపింది, తరువాత గాలి కోసింది, ఆ పైన మంచు కప్పింది. పదివేలకు పైగా పశువులు కంచెలవెంట, వాగుల్లో కుప్పలుగా పడి చచ్చాయి. కొందరు తమ మందలో సగం పోగొట్టుకున్నారు. ఇది నిజమైన ఆపద. అప్పుడు ప్రభుత్వం ఏంచేసింది? పశువులు చస్తే పరిహారమిచ్చే పథకం గడువు 2011 సెప్టెంబరుతోనే ముగిసింది. కొత్త వ్యవసాయ చట్టం కాంగ్రెసులో నలుగుతున్నది. పైగా బడ్జెట్ తగాదాతో అక్టోబరు 1 నుంచి 16 దాకా కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలే మూతపడ్డాయి. చచ్చిన పశువుల లెక్క చెప్పుకోవడానికి వెళితే కౌంటీ కార్యాలయానికి తాళం! ఎవరి పశువుల ఫోటోలు వారే తీసి దాచుకోవలసి వచ్చింది. 2014 ఫిబ్రవరిలో చట్టం వచ్చి వెనుకటి నష్టానికి వర్తించేదాకా వారు ఎదురు చూశారు.

మార్కెట్టు మిత్రుడు కోరుకునే లోకాన్ని ఆ కొద్దినెలలు ఆ కౌంటీలవారు కళ్ళారా చూశారు. ఎవడి బలం ఎంతో బాగానే తేలింది. తరతరాలుగా పెంచిన మంద మూడు రోజుల్లో పోతే, దాన్ని తట్టుకోగలిగినవాడు నిల్వ ధనం వున్నవాడొక్కడే.

ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆపద లేనిచోట అరువు తెచ్చుకున్న ఆపదపేరుతో సొమ్ము పంచారు. ఆపద వచ్చినచోట తలుపు మూశారు. మొదటిదాన్ని చూసి ప్రభుత్వం మరీ ఉదారమైనదనీ, రెండవదాన్ని చూసి మరీ కఠినమైనదనీ అనుకుంటే పొరపాటు. రెండింటిలోనూ ఆపద అనే మాటకు అర్థం నిర్ణయించినది పచ్చికా కాదు, పశువూ కాదు. ఓట్లు, తగాదాలు, పలుకుబడి నిర్ణయించాయి.

అయితే వేరే విధంగా చేయడం సాధ్యమా అని అడగవచ్చు. అదే దేశంలో, అదే ప్రభుత్వం ఒకసారి చేసి చూపించింది. 1934 కరువులో, రూజ్వెల్టు కాలంలో, ఆపద కౌంటీలలో ప్రభుత్వమే పశువుల్ని కొన్నది. సుమారు 83 లక్షల పశువుల్ని కొన్నారు. రెండేళ్ళు దాటిన పశువుకు 12 నుంచి 20 డాలర్లు ఇచ్చారు. ఆ ధరను రెండు భాగాలు చేశారు. ఒక భాగంమీద అప్పిచ్చినవాడికి హక్కు వుంటుంది. రెండవ భాగాన్ని మాత్రం షావుకారుగాని బ్యాంకుగాని ముట్టుకోరాదు, అది రైతు చేతికే అందాలి. తినడానికి పనికిరాని పశువుల్ని చంపివేసి, మిగతావాటి మాంసాన్ని సహాయ సంస్థలద్వారా నిరుద్యోగ కుటుంబాలకు పంచారు. ఎండిన పచ్చికమీద భారం తగ్గింది, రైతు చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి, పట్టణంలో ఆకలిగొన్నవాడికి తిండి దొరికింది. అది సోషలిజం కాదు. మాంద్యంలో పెట్టుబడిదారీ విధానాన్ని నిలబెట్టుకోవడానికి చేసిన పనే. అయినా అప్పులవాణ్ణి, ఆకలిగొన్నవాణ్ణి లెక్కలో చేర్చుకున్నారు. 2002 పథకంలో ఆ ఇద్దరికీ చోటు లేదు.

రూజ్వెల్టు పేరు చెప్పగానే చేతులెత్తి మొక్కనక్కరలేదు. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే నవహో జాతివారి మందల్ని ప్రభుత్వం బలవంతంగా తగ్గించింది. నేల కోసుకుపోతున్నదని కారణం చెప్పారు. తెల్లవాడి ఆవుకు సహాయ పథకం, నవహో స్త్రీ మేకకు తుపాకి గుండు! నామమాత్రపు ధర యిచ్చి కొన్న మేకల్ని వేలకొద్దీ లోయల్లో కాల్చి అక్కడే వదిలేశారు. ఆ సమాజంలో గొర్రెలు, మేకలు చాలవరకు స్త్రీల ఆస్తి. అవి పోవడంతో వారి స్వాతంత్ర్యమే దెబ్బతిన్నది. నేటికీ ఆ జాతివారు దాన్ని తమ చరిత్రలోని పెద్ద గాయాలలో ఒకటిగా చెప్పుకుంటారు. కాబట్టి పథకం మంచిదా చెడ్డదా అని మాత్రమే అడిగితే చాలదు. అది ఎవరి గడపవద్ద ఆగిపోయిందో కూడా అడగాలి.

2014 చట్టం తరువాత అమెరికాలో ఈ పద్ధతి కొంత మెరుగైందని ఒప్పుకోవాలి. ఇప్పుడు పచ్చిక నష్టానికి ఇచ్చే సహాయాన్ని వారం వారం తయారయ్యే కరువు పటంతో ముడిపెట్టారు. వ్యోమనౌక కూలితే ఆవులకు డబ్బు రాదు. కాని ఆ చట్టం ప్రకారం కౌంటీలో ఒక మూల తీవ్రమైన కరువు రంగు పడితే కౌంటీ మొత్తం అర్హమవుతుంది. మూలనున్నవాడు ఎండిపోతే, వాగు పక్కనున్నవాడికి కూడా తలలెక్కన సొమ్ము వస్తుంది. పునాది మారలేదు. ఆ సొమ్ము యిప్పటికీ నష్టాన్ని బట్టి కాదు, మందను బట్టి నడుస్తుంది.

మరి ఇతరదేశాలకు వీరు చెప్పే నీతి యేమిటి? 1995నుంచి అమలులో వున్న ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందంలో ప్రకృతి వైపరీత్యాల సహాయానికి ఒక నిబంధన వుంది. గడచిన సంవత్సరాల సగటు ఉత్పత్తిలో 30 శాతానికి మించి నష్టం జరిగితేనే అలాంటి చెల్లింపును ఆంక్షలు లేని సహాయంగా లెక్కించాలి. ఆ ఒప్పందాన్ని రూపొందించడంలో అమెరికా ప్రధాన పాత్రధారి. మన దేశమూ దానిమీద సంతకం పెట్టింది. మన సబ్సిడీలమీద అమెరికా ప్రతినిధులు ఎన్నిసార్లు వేలు చూపారో మనకు తెలుసు. ఆ 30 శాతం గీటురాయిమీద వ్యోమనౌక పరిహారాన్ని గీసి చూస్తే ఎంత బంగారం తేలుతుందో పాఠకులే వూహించవచ్చు.

ఇప్పుడు నా విద్యార్థి తండ్రిదగ్గరికి వస్తాను. 2002 మన దేశంలోనూ కరువు సంవత్సరమే. నైరుతి రుతుపవన వర్షం దేశం మొత్తంమీద 19 శాతం తగ్గింది. ఆ యేడు మా జిల్లా సంతల్లో కొనేవాడు లేక కాడెద్దులు సాయంత్రందాకా నిలబడి వుండడం నేను చూశాను. ఆ కుర్రవాణ్ణి నేను తిరిగి అడిగాను: "మీ నాయన సేద్యం చేసింది ఎవరి భూమి?" వాడు కాసేపు ఆలోచించి, "గుత్తకు చేసినాడు సార్. భూమి టౌనులో వుండే ఆసామిది" అన్నాడు. పంటనష్టం సొమ్ము వచ్చినప్పుడు ఎవరికి వచ్చిందని అడిగాను. పట్టా ఎవరి పేరున వుందో వారికే వచ్చిందట.

వాడు మెచ్చుకున్న అమెరికా పద్ధతి వాడి యింట్లో అప్పటికే అమలైందని నేనంటాను. అక్కడ తల లెక్క, యిక్కడ ఎకరం లెక్క. అక్కడ మంద యజమానికి, యిక్కడ పట్టాదారుకు. తెలంగాణాలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000 రూపాయలన్నారు. ఎన్ని ఎకరాలున్నా హద్దు లేదన్నారు. కౌలురైతుకు మాత్రం లేదన్నారు. రెండెకరాలవాడికి 8,000, యాభై ఎకరాలవాడికి రెండు లక్షలు, నాగలి పట్టినవాడికి సున్న. అది ఆపద సహాయం కాదు, పెట్టుబడి సహాయం. కాని సూత్రం ఒక్కటే. టెక్సాస్‌లో కాపరికి గడి లేనట్లే యిక్కడ కౌలురైతుకు గడి లేదు. ఆఫీసు శుభ్రంగా వుండడం, లంచం లేకపోవడం మంచివే. నేను వాటిని తక్కువ చేయను. కాని లంచం లేకుండా అన్యాయం చేయడం కూడా సాధ్యమే. పట్టిక తయారయ్యేటప్పుడే అన్యాయం జరిగిపోతే కౌంటరులోని గుమాస్తా ఎంత మర్యాదగా మాట్లాడినా ప్రయోజనం లేదు.

అభ్యుదయవాదులమైన మనం యిక్కడ ఒక తప్పు చేసే ప్రమాదం వుంది. దుబారా లెక్కలు చూసి ఆవేశపడి మనం కూడా సబ్సిడీలు రద్దు చేయమనే మందలో కలిసిపోవచ్చు. లేదా రైతులకు వచ్చేది ఏదైనా మంచిదే అని లెక్క అడగడం మానేయవచ్చు. రెండూ కూడదు. ఆపదలో సహాయం హక్కు, బిచ్చం కాదు. ఆ హక్కును వేగంగా, అవమానం లేకుండా అందించాలి. దాన్ని నష్టాన్ని బట్టి కొలవాలి, ఆస్తిని బట్టి కాదు. చిన్నవాడికి ముందు, పెద్దవాడికి హద్దు. కాపరికి, కూలికి, కౌలుదారుకు పట్టికలో గడి. ముందు కొంత సొమ్ము అందరికీ వెంటనే యిచ్చి, మిగతాది నష్టం తేలిన తరువాత యిస్తే వేగమూ వుంటుంది, న్యాయమూ వుంటుంది. యిది అసాధ్యమనేవారు 83 లక్షల పశువుల్ని లెక్కపెట్టి, ధర రెండుగా విడదీసి, మాంసం పంచిన 1934 నాటి గుమాస్తాలను తలచుకోవాలి. వారి దగ్గర కంప్యూటర్లు లేవు.

నా విద్యార్థి తిరిగి డల్లాస్ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు, "అక్కడ ఆ మందలు కాసేటోళ్ళకు ఏమొస్తుందో నేనెప్పుడూ అడగలేదు సార్" అన్నాడు. అడగమని చెప్పాను. ఈ వ్యాసం చదివే విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కూడా నేను చెప్పేది అదే. ఈసారి మీ మండలాన్ని కరువు మండలంగా ప్రకటించినప్పుడు ఎంత సొమ్ము వచ్చిందని మాత్రమే అడగవద్దు. జాబితా తెప్పించుకోండి. అందులో ఎవరి పేర్లున్నాయో చదవండి. తరువాత వూళ్ళోకి వెళ్ళి, ఎవరి పేర్లు లేవో రాసుకు రండి.